నేను చేర్చిన వాక్యం

పదేళ్లకు పైగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. దాన్ని రాసింది నేను. దానికి శిక్ష అనుభవించింది ఇంకొకరు. దానివల్ల బతుకు చెదిరింది మరొకరిది. ముగ్గురం ఆడవాళ్లమే. ముగ్గురిలో బాగుపడింది నేనొక్కదాన్నే.

మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే. తెలిసినవాళ్ల ముందు ఈ మాట నోటిదాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో. మా ఆయనతో ఒకసారి మొదలుపెట్టాను. చదువుకునే రోజుల్లో కాలేజీలో ఒక గొడవ జరిగింది, అన్నాను. గొడవ జరగని కాలేజీ ఉంటుందా అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అంత తేలిగ్గా తప్పించుకున్నందుకు లోపల సంతోషించాను కూడా. తర్వాత ఆ సంతోషాన్ని తలుచుకుంటేనే భయమేసింది.

నేను డాక్టర్ని. శంషాబాద్ దాటాక, విమానాశ్రయం గోడకు కాస్త దూరంలో ఉన్న ఒక మెడికల్ కాలేజీలో చదివాను. ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నాను. అక్కడి క్వార్టర్స్‌లోనే ఉంటున్నాను. పాఠం మధ్యలో విమానం పైనుంచి పోతే మాట ఆపి, అది పోయాక మళ్లీ అందుకోవడం మా అందరికీ అలవాటు. కొత్తగా చేరిన పిల్లలు కొన్నాళ్లు తలెత్తి కిటికీలోంచి చూస్తారు. తర్వాత మానేస్తారు. రోజూ ఇంతమంది ఎక్కడెక్కడికో ఎగిరిపోతుంటే నేను మాత్రం చదువుకోవడానికి వచ్చిన ఆవరణలోనే తిరుగుతున్నాను. వెళ్లిపోదామనుకోలేదా? అనుకున్నాను. వేరే ఊళ్లో మంచి ఉద్యోగం కూడా వచ్చింది. కానీ నేను లేనప్పుడు ఎవరైనా ఆ పాత సంగతి తవ్వితే? ఇక్కడుంటే కనీసం దాని మూత మీద నేనే కూర్చుని ఉండొచ్చు కదా అనుకున్నాను. జైలుకు కాపలా కాసేవాడు కూడా జైల్లోనే ఉంటాడని ఆలస్యంగా తెలిసింది.

ఈ ఏడాది మా కాలేజీ విద్యార్థుల పత్రికకు ప్రవళిక అనే అమ్మాయి ఎడిటర్. కందుకూరు వైపు నుంచి వచ్చిన పిల్ల. సూటిగా మాట్లాడుతుంది. వేసవి సెలవుల ముందు ఒకరోజు నా గదికి వచ్చి, "మేడం, ప్రత్యేక సంచిక తెస్తున్నం. పత్రిక ఎట్ల పుట్టిందో మొదటి నుంచి మీరే రాయాలె. మీకన్న తెల్సినోళ్లు ఎవరున్నరు?" అంది.

నిజమే. నాకన్నా తెలిసినవాళ్లు ఇక్కడెవరూ లేరు.

సరేనన్నాను. ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు తలుపు వేసుకుని కూర్చుని రాయబోయాను. పత్రిక మొదలైన తీరు, మాకు దొరికిన గది, పడ్డ అవస్థలు, అన్నీ బాగానే వచ్చేవి. మొదటి సంచిక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మొరాయించేది. 'అనివార్య కారణాల వల్ల మొదటి సంచిక వెనక్కి తీసుకోబడింది' అని రాశాను. చదివి చూసుకున్నాను. తీసుకోబడింది! తెలుగులో ఎవరు అలా మాట్లాడతారు? ఎవరు తీసుకున్నారో చెప్పడం ఇష్టంలేని వాళ్లు తప్ప. కొట్టేసి ఇంకోలా రాశాను. అందులోనూ కర్త లేడు. ఎన్ని విధాల తిప్పి రాసినా నేను ఆ వాక్యంలోంచి జారిపోతూనే ఉన్నాను. అప్పుడు అర్థమైంది. ఆ చరిత్ర రాయడమంటే మళ్లీ అబద్ధమైనా చెప్పాలి, లేదా మొదటిసారి నిజమైనా చెప్పాలి. మధ్యలో దారి లేదు.

అందుకే ఇదంతా మీకు చెబుతున్నాను.

పత్రిక ఆలోచన నాది కాదు. నస్రీన్‌ది. ఆమె అసలు పేరు ఇది కాదు, అయినా ఇలాగే పిలవనివ్వండి. మా బ్యాచ్‌మేట్. వాళ్ల నాన్నకు శంషాబాద్ బజారులో బట్టలు కుట్టే దుకాణం ఉండేది. విమానాశ్రయం వచ్చాక డ్రైవర్లకు, సెక్యూరిటీ వాళ్లకు యూనిఫారాలు కుట్టే పని దొరికిందని, ఆ పనితోనే బిడ్డను డాక్టరు చదివిస్తున్నానని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు. నేను హాస్టల్ పిల్లని. మా ఊరు దూరం. ఆదివారం వస్తే వాళ్లింట్లోనే నా తిండి. వాళ్లమ్మ వండే పుల్లటి పప్పు, కీమా తిని, వాళ్లింటి మేడ మీద చాపేసుకుని చదివేవాళ్లం. పరీక్షలప్పుడు నాకు జ్వరమొస్తే వాళ్లమ్మ నన్ను హాస్టల్‌కు పంపలేదు. తన మంచం ఇచ్చి తాను కింద పడుకుంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? నేను ద్రోహం చేసింది తెలియని మనిషికి కాదని మీకు తెలియాలి.

మూడో ఏడు. వార్డులకు వెళ్లడం మొదలైంది. నస్రీన్ ఒకరోజు అంది, "మన దవాఖానకు వచ్చేటోళ్ల గురించి మన పుస్తకాలల్ల ఏం లేదు. ఎక్కడెక్కడి దేశపోళ్ల రోగాలో చదువుతున్నం. ఈళ్ల గురించి మనమే రాస్తె ఏమైతది?" అలా మొదలైంది. మేనేజ్‌మెంట్ మొదట నవ్వింది. ఆమె వదల్లేదు. ఒక్కో ప్రొఫెసర్ గది ముందు నిలబడింది. చివరికి లైబ్రరీ వెనక పాత పేపర్లు పడేసే చిన్న గది, ఒక ముసలి కంప్యూటర్ ఇచ్చారు. మేమిద్దరం చీపుర్లు తెచ్చుకుని ఆ గది ఊడ్చుకున్నాం. ఇంగ్లీషు నాకు బాగా వచ్చని నన్ను ఎడిటర్ చేసిందీ నస్రీనే. "నేను ఆలోచిస్త, నువ్వు మంచిగ రాస్తవ్, సరిపాయె" అంది. ఆమె ఆ మాట మామూలుగానే అంది. నాకు మాత్రం చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. అంటే ఆలోచించేది ఆమె, నేను ఊరికే రాసేదాన్నా? ఆ ముల్లును నేను తీసి పారేయలేదు. దాచుకున్నాను. తర్వాత జరిగినదానికి అదే కారణమంటే అబద్ధం. అది కారణం కాదన్నా అబద్ధమే.

ఇక ఆమె గురించి చెప్పాలి. రోగి గురించి. ముందే ఒక మాట. ఆమె ఊరు, వయసు, చేసే పని, చివరికి జబ్బు, మా కాలేజీ ఆనవాళ్లు, ఇక్కడ నేను చెప్పేవాటిలో కొన్ని మార్చాను. ఏవి మార్చానో అడగకండి.

విమానాల్లోకి భోజనాలు సర్ది పంపే ఒక వంటశాలలో ఆమె పనిచేసేది. భర్త లేడు. చిన్న పాప. శంషాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. చెయ్యి కాలిందని మా ఆసుపత్రికి వచ్చింది. వేడి పళ్లెం పట్టుకుందట, కాలుతున్నట్టు తెలియలేదట, పక్కామె వాసన పట్టి అరిస్తే అప్పుడు చూసుకుందట. మిగతావాళ్లం అరచేతిలో బొబ్బ చూశాం. నస్రీన్ చెయ్యంతా చూసింది. మోచేతి వెనక తాడులా ఉబ్బిన నరాన్ని వేలితో తడిమి పట్టుకుంది. వీపు మీద పాలిపోయిన, స్పర్శ లేని మచ్చ ఉందేమో వెతికి చూసింది. ఉంది. కుష్ఠు. ఇంకా డాక్టరు కాని పిల్ల, పెద్ద డాక్టర్ల కంటే ముందు పట్టుకుంది. ప్రొఫెసర్ వార్డులో అందరి ముందూ భుజం తట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను. అయినా లోపల ఏదో కలుక్కుమంది.

మా మొదటి సంచికకు అదే ముఖ్యమైన వ్యాసం కావాలని అనుకున్నాం. అడగడానికి ఇద్దరం వెళ్లాం. ఇద్దరం. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. చేతికి కట్టు. నస్రీన్ పక్కన కూర్చుని నెమ్మదిగా అంతా చెప్పింది. మందులు వాడితే నయమైపోతుందని, మందులు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదని, అన్నం వల్ల అసలే రాదని. ఆమె తలవంచుకుని వింది. ఆ తర్వాత అడిగింది.

"గిది పెద్దరోగమే గదా అక్కా?"

"పేరుకే పెద్దది. మందులకు లొంగుతది" అంది నస్రీన్.

"రాసుకోండ్రి. నా అసొంటోళ్లకు పనికొస్తదంటే రాసుకోండ్రి. గని నా ఊరు, నేను పని జేసే కాడ, గవి మాత్రం రాయకుండ్రి. తెలిస్తె ఒక్కపూట ఉండనియ్యరు. పిల్లనేసుకొని యాడికి పోవాలె?"

"రాయం. మాటిస్తున్న."

ఆమె నస్రీన్ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నేనూ తలూపాను. నోటితో చెప్పలేదు, నిజమే. తల మాత్రం ఊపాను. తల ఊపడం మాటివ్వడం కాదా? కాదని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. ఎంత దిగజారితే మనిషి అలాంటి తేడాలు వెతుక్కుంటుంది!

నస్రీన్ వ్యాసం రాసింది. బాగా రాసింది. కానీ చప్పగా ఉందనిపించింది నాకు. 'పనిమీద చెయ్యి కాల్చుకున్న ఒక యువతి' అని ఉంది. అంతే. ఊరు లేదు, పని లేదు. సంచిక ఆవిష్కరణకు పెద్ద పెద్ద డాక్టర్లు, ట్రస్టీలు, విలేకరులు వస్తున్నారు. మొదటి పేజీ తిరగెయ్యగానే వాళ్లు ఆగిపోవాలి. ఇదెవరు రాశారు అని అడగాలి. అచ్చుకు పంపే రోజు నస్రీన్ ఇంట్లో ఏదో పని ఉందని తొందరగా వెళ్లిపోయింది. గదిలో నేనొక్కదాన్నే. మేమిద్దరం ఆ ఒకే కంప్యూటర్‌లో, ఒకే ఫైల్ మీద పనిచేసేవాళ్లం. ఏ మాట ఎవరిదో చెప్పగలిగేది మేమిద్దరమే.

వ్యాసం మొదట్లో ఒక వాక్యం చేర్చాను. ఇంగ్లీషులో. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: 'విమానంలో మన ముందుకు వచ్చే భోజనం ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఎప్పుడైనా ఆలోచించామా?' దానికి అతుకుగా, ఆమె ఏ వైపు పల్లె నుంచి వచ్చిందో, ఎలాంటి వంటశాలలో పనిచేస్తోందో చెప్పే ఇంకో సగం వాక్యం. పేరు పెట్టలేదుగా అనుకున్నాను. ఇంత పెద్ద ఊళ్లో ఎవరు గుర్తుపడతారు అనుకున్నాను. ఆమె మంచం మీద కూర్చుని చెప్పిన మాట గుర్తు రాలేదా? వచ్చింది. దాచను. వచ్చింది. దాన్ని పక్కకు జరిపి అచ్చుకు పంపాను.

ఆవిష్కరణ రోజు అందరూ ఆ పేజీ దగ్గరే ఆగారు. నేను కోరుకున్నట్టే. నస్రీన్ స్టేజీ కింద పనుల్లో తిరుగుతోంది. సంచిక తెరిచి చూసుకునే తీరిక కూడా ఆమెకు దొరకలేదు. ఒక విలేకరి ఒక కాపీ అడిగి తీసుకెళ్లాడు. మర్నాడు ఒక దినపత్రిక జిల్లా పేజీలో, మూలన, చిన్న వార్త. శీర్షిక మాత్రం చిన్నది కాదు. విమాన ప్రయాణికుల భోజనానికీ కుష్ఠుకూ ముడిపెట్టి రాశాడు. మా వ్యాసంలో అన్నం వల్ల జబ్బు రాదని నస్రీన్ రెండుచోట్ల రాసింది. అది వార్తలో లేదు. నా వాక్యం మాత్రం ఉంది.

వంటశాలలో వెతకడానికి వాళ్లకు ఎంతసేపు పడుతుంది? ఆ వైపు ఊరు, చేతికి కట్టు. అంతే.

ఆమె మా ఆసుపత్రికి వచ్చింది. పాపను చంకనేసుకుని ఓపీ వరండాలో నస్రీన్‌ను వెతుక్కుంటూ వచ్చింది. నేను నస్రీన్ పక్కనే ఉన్నాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. పనిలోంచి తీసేశారని, ఇంటి ఓనరు సామాను బయట పెట్టాడని చెప్పింది. తర్వాత, "మాటిచ్చినవ్ గదా అక్కా" అంది. అంతే అంది.  ఏం జరిగిందో నస్రీన్‌కు అప్పటికి తెలియదు, వార్త చూసింది గానీ సంచిక చూడలేదు. నస్రీన్ చేయి పట్టుకోబోతే ఆమె తన చేతిని వెనక్కి తీసుకుంది. నేను కూడా అక్కడే ఉన్నాను. ఆమె నన్నొక మాట అనలేదు. మాటిచ్చింది నస్రీన్ కదా. నేను తల మాత్రమే ఊపాను కదా.

పాపతో వరండా దాటి వెళ్లిపోయింది. ఆమె మందులు మొదలుపెట్టి ఎంతోకాలం కాలేదు. అవి మధ్యలో ఆపితే ఆ చెయ్యి ఏమవుతుందో నాకు తెలుసు. వేళ్లు ఎలా వంకర తిరుగుతాయో పరీక్షలో బొమ్మ వేసి రాశాను. మంచి మార్కులు వచ్చాయి.

ప్రిన్సిపాల్ పిలిపించారు. ఆయన కోస్తా ఆయన, ఎంత కోపంలోనైనా మాట పద్ధతిగా ఉండేది. గదిలో నేను, నస్రీన్, కబురు పెడితే పరుగున వచ్చిన వాళ్ల నాన్న. ఆయన మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయాడు.

"ఈ వివరాలు వ్యాసంలోకి ఎలా వచ్చాయమ్మా? రాసినవారే రాశారా, మీరు చేర్చారా?" అని ప్రిన్సిపాల్ నన్నే అడిగారు.

ఆ ప్రశ్నలో నాకు తలుపు తెరిచే ఉంది. ఇప్పటికీ అనుకుంటాను, ఆయన ఎంత సరిగ్గా అడిగారు! చేర్చాను సార్. రెండు మాటలు. నోరు తెరిచాను.

"వచ్చింది వచ్చినట్టే వేశాం సార్."

నా గొంతే. అంత నిబ్బరంగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"లేదు సార్" అంది నస్రీన్. "నేను గట్ల రాయలే. ఆమెకు మాటిచ్చిన నేను."

"మరి ఎవరు రాశారు?"

నస్రీన్ నా వైపు తిరిగింది. నా పేరు చెప్పలేదు. నేను చెబుతానని ఆగింది. నేను బల్ల మీది అద్దం కింద పెట్టిన క్యాలెండర్ చూస్తూ ఉన్నాను. వాళ్ల నాన్న ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "మా బిడ్డ మాట తప్పది సార్. జర ఇనుండ్రి. ఈ బిడ్డను అడుగుండ్రి, మా ఇంట్లనే తింటది, మా ఇంట్లనే పంటది. ఈమెకు ఎర్కే" అని నన్ను చూపించాడు. నమ్మకంగా చూపించాడు.

నేను నోరు విప్పలేదు.

వ్యాసం కింద ఉన్నది నస్రీన్ పేరు. ప్రిన్సిపాల్‌కు సంగతి తొందరగా ముగియాలి. ఆమెను పత్రిక నుంచి తీసేశారు, వార్డులకు రానివ్వలేదు, ఆ ఏడాది పరీక్ష రాయనివ్వలేదు. మా బ్యాచ్ ముందుకు వెళ్లిపోయింది, ఆమె జూనియర్ల మధ్య మిగిలిపోయింది. కాపీలన్నీ వెనక్కి తెప్పించారు. తెప్పించింది నేనే. హాస్టల్ గదులన్నీ తిరిగి ఒక్కొక్కటీ అడిగి తీసుకున్నాను. క్యాంటీన్ వెనక కాల్చారు. కొన్ని నెలల తర్వాత వచ్చిన సంచికకు మొదటి సంచిక అని నేనే పేరు పెట్టాను. ఇప్పుడు లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉన్నది అదే.

నస్రీన్ నాతో గొడవ పడలేదు. ఒక్కసారి హాస్టల్ మెట్ల దగ్గర ఆపి, "ఎందుకు?" అంది. నేను, "నాకు భయమేసింది" అన్నాను. అది నిజమే. అయినా అది జవాబు కాదు. ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు నేను హాస్టల్ మెస్‌లోనే తిన్నాను.

ఇక నేను. నేను ఎడిటర్‌గానే ఉన్నాను. రోగిని గుర్తుపట్టే వివరం ఏదీ అచ్చులోకి రాకూడదని, అచ్చుకు ముందు ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు చదివి సంతకం చేయాలని ఒక నియమం రాశాను. పశ్చాత్తాపంతోనే రాశాను, నమ్మండి. కానీ దాన్ని అందరూ మెచ్చుకున్నారు. బాధ్యత తెలిసిన అమ్మాయి అన్నారు. ఆ మాట మీదే చదువయ్యాక ఉద్యోగం ఇచ్చారు. పిల్లలు ఆ నియమాన్ని నా పేరుతోనే పిలుస్తారు. వేరే కాలేజీల వాళ్లు పిలిచి దాని గురించే మాట్లాడమంటారు. ప్రతి ఏడాది కొత్త పిల్లల ముందు నిలబడి, రోగి మనకిచ్చేది నమ్మకం అని చెబుతాను. బాగా చెబుతాను. కొందరు పిల్లల కళ్లు చెమరుస్తాయి. అప్పుడు నాకు ఆ పాఠం చెప్పడం మానేయాలనిపిస్తుంది. ఆపేద్దామంటే ఎందుకు ఆపుతున్నారని అడుగుతారు. చెప్పకుండా ఆపలేను, చెప్పలేను. నేను చేసిన తప్పు మీదే నా మంచిపేరు కట్టారు. ఒక ఇటుక లాగితే ఇల్లంతా కూలుతుంది. అందులోనే కాపురం ఉంటున్నాను.

ప్రవళికకు వ్యాసం ఇవ్వాల్సిన గడువు దగ్గర పడ్డాక ఒకరోజు పొద్దున్నే జల్‌పల్లి వెళ్లాను. నస్రీన్ అక్కడ ఒక సర్కారు దవాఖానలో చేస్తోందని నాకు చాలాకాలంగా తెలుసు. వెళ్లడానికి ఆటోలో ఎంతోసేపు పట్టదు. ఇన్నేళ్లు పట్టింది.

బయట బెంచీ మీద రోగులతో పాటు కూర్చున్నాను. నా వంతు వచ్చాక లోపలికి వెళ్లాను. నస్రీన్ జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూచో" అంది. నిలబడే చెప్పాను. ఆ వాక్యం నేను చేర్చానని, ప్రిన్సిపాల్ దగ్గర అబద్ధం చెప్పానని. ఇన్నేళ్లు గొంతులో తిప్పుకున్న మాటలు, చెబితే ఊపిరి పీల్చుకున్నంత సేపు కూడా పట్టలేదు.

"నాకు ఎర్కే" అంది నస్రీన్. "చదువంగనే తెల్సింది. 'ఎప్పుడైనా ఆలోచించామా' అని నువ్వే అడుగుతవ్. నేను అడగ."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన. ప్రిన్సిపాల్ సార్ ముంగట చెప్పిన. నువ్వు ఇన్నవ్ గదా." మళ్లీ తనే అంది, "మా అబ్బా అప్పటిసంది నిన్ను ఒక్క మాట అనలే. గా పిల్ల భయపడ్డది అనేటోడు. పోయేదాకా గట్లనే అన్నడు."

వాళ్ల నాన్న పోయాడని నాకు తెలియదు. కూర్చున్నాను.

"క్షమించు అని అడగడానికి రాలేదు" అన్నాను. అబద్ధం. అందుకే వెళ్లాను.

"నా సంగతి ఇడిచిపెట్టు. నాకు ఒక పరీక్ష పోయింది, మల్ల రాసిన. డాక్టర్‌నైన. ఆమె పేరు గుర్తుందా నీకు?"

నోరు తెరిచాను. ఆమె చేతికట్టు గుర్తుంది. మోచేతి నరం ఎంత లావుందో గుర్తుంది. వీపు మీద మచ్చ ఆకారం గుర్తుంది. పాప గౌను రంగు కూడా గుర్తుంది. పేరు లేదు. ఎంత వెతికినా లేదు. నస్రీన్ ఎదురుచూసింది. ప్రిన్సిపాల్ గదిలో ఎదురుచూసినట్టే చూసింది. 

"చెప్పు. ఎక్కడుందో చెప్పు, నేను వెళ్తాను" అన్నాను.

"చెప్ప."

"బాగుందా? మందులు పూర్తి చేసిందా? అదైనా చెప్పు."

నస్రీన్ నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదుంటే బాగుండేది.

"నీకు నిద్ర పట్టాల్నని ఆమె సంగతి చెప్పాల్నా? ఆమెకు మాటిచ్చిన. ఒకసారి తప్పింది. మల్ల తప్ప." తర్వాత తలుపు వైపు చూసి, "బయట మంది ఉన్నరు" అంది.

లేచాను. నా వెనక లోపలికి వచ్చిన ముసలామెను, "ఏందమ్మా, దగ్గు తగ్గిందా?" అని అడుగుతోంది. నేను ఇంకా గడప దాటలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా పేర్లు తలుచుకుంటూ వచ్చాను. ఆ వయసు ఆడవాళ్లకు ఆ పల్లెల్లో ఉండే పేర్లన్నీ. ఏదో ఒకటి తగలకపోతుందా అని. ఏదీ తగల్లేదు. ఇన్నేళ్లూ నా తప్పు నస్రీన్‌కు చేసిందే అనుకుంటూ బతికాను. నా పీడకలల్లో ఎప్పుడూ ప్రిన్సిపాల్ గదే. ఆ వరండా ఎప్పుడూ రాలేదు. ఆమెను నేనొక్కసారీ వెతకలేదు. వెతికితే దొరుకుతుందేమోనని భయం. దొరికితే ఆ చెయ్యి చూడాల్సి వస్తుంది. వాక్యం చేర్చింది ఒక సాయంత్రం. అబద్ధమాడింది ఒక్క నిమిషం. కానీ వెతక్కుండా ఉండటం? అది రోజూ చేశాను. పాఠాలు చెబుతూ, పెళ్లి చేసుకుని, నవ్వుతూ, రోజూ.

మర్నాడు మధ్యాహ్నం ప్రవళికను నా గదికి పిలిచాను. వ్యాసం కోసమనుకుని సంతోషంగా వచ్చింది. కూర్చోబెట్టి అంతా చెప్పాను. మీకు చెప్పినట్టే. మధ్యలో ఒక విమానం పోయింది. నేను ఆగలేదు. వినపడలేదేమోనని ఆ మాట మళ్లీ చెప్పాను.

ఆ పిల్ల అంతా వింది. తర్వాత, "గా రూల్ మాకు ఇన్నేండ్ల సంది ఎట్ల చెప్పిన్రు మేడం?" అంది. నిందించడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"తెలియదు" అన్నాను. "ప్రతిసారీ ఈసారి గొంతు పెగలదు అనుకునేదాన్ని. ప్రతిసారీ పెగిలేది."

"ఇది ఏస్తె మీ ఉద్యోగం?"

"పోవచ్చు. ఆమె వివరాలు మాత్రం ఏవీ వేయొద్దు. మిగతాది, నా పేరుతో సహా, మీ ఇష్టం."

"మేం మాట్లాడుకొని చెప్తం మేడం" అని లేచింది.   తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. ఇక్కడ మీకు నా పేరు ఎందుకు చెప్పలేదంటే, నా పేరు తెలిస్తే కాలేజీ తెలుస్తుంది, కాలేజీ తెలిస్తే ఆమె దాకా దారి దొరుకుతుంది. అదొక్కటే కారణమా? నన్ను నేను నమ్మలేను. భయం కూడా ఉండే ఉంటుంది. ఎవరూ నన్ను క్షమించలేదు. క్షమించగలిగిన మనిషి ఎక్కడుందో నాకు తెలియదు, ఏమని పిలవాలో కూడా తెలియదు.

కానీ ఆ మధ్యాహ్నం ప్రవళిక వెళ్లిపోయాక కాసేపు అలాగే కూర్చున్నాను.  రేపు ఏమవుతుందో అని భయంగా ఉంది. ఆ భయం మధ్యలోనే ఆకలేసింది. మామూలు ఆకలి. లేచి క్యాంటీన్‌కు వెళ్లి, పిల్లల మధ్య చోటు చూసుకుని కూర్చుని, పళ్లెం నిండా అన్నం పెట్టించుకుని తిన్నాను.